రెండు రూపాయల పదమూడణాలు

నిన్న మధ్యాహ్నం కౌంటరు మూసేయబోతుంటే ఆళ్లగడ్డ మనిషొకడు వచ్చి పన్నెండు కరెంటు బిల్లులు ఒక్క కట్టగా నా ముందు పెట్టాడు. ఒక వీధి బిల్లులన్నీ పోగుచేసి నంద్యాల దాకా మోసుకొచ్చే మనిషి ఆ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. "ఏం పెద్దాయనా, ఈ నెల ఆలస్యమైందే!" అంటూ తలెత్తాను. ఆయన కాదు. ఎవరో పడుచువాడు.

"పెద్దాయన యాడప్పా?" అన్నాను.

"పోయినాడు సార్. పది దినాలాయె."

చేతిలో రబ్బరు స్టాంపు చేతిలోనే ఉండిపోయింది. ఏమైందని అడిగాను.

"రెండు దినాలు జ్వరం, అంతే. ఆ జ్వరంలో గూడా నన్ను మీటరు చూసి రమ్మని తరిమినాడు సార్. ఏడు యూనిట్లయిందని చెప్పినా. ఇంగా ఒకటి మిగిలుంది, కాల్చుకోండి అన్న్యాడు."

నేను గట్టిగా నవ్వేశాను. చావు కబురు చెప్పినవాడు బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. పాపం, వాడికేం తెలుసు? ఆయన గుర్తొస్తే నాకు నవ్వు ముందొస్తుంది, ఏడుపు దాని వెనకాల తీరిగ్గా వస్తుంది. రాత్రి వచ్చింది లెండి. ఆయన పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవు. ఎన్నెకరాలుందో, ఎంతమంది బిడ్డలో ఎన్నడూ అడగలేదు. ఆయన మీటరు నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పేరు రాయను. బిల్లు మీద తప్ప ఆ పేరుతో నాకు పని పడలేదు. నేను పెద్దాయనా అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు, మా ఇద్దరికీ అది సరిపోయింది.

నంద్యాల కరెంటాఫీసులో నేను బిల్లుల గుమాస్తాను. ఇక్కడికొచ్చే జనానికి ఒక అలవాటుంది. మనం ఏం చెప్పినా తల ఊపుతారు. అర్థమైనా ఊపుతారు, కాకపోయినా ఊపుతారు. బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడి, "ఏమన్న్యాడప్పా?" అని ఒకర్నొకరు అడుగుతారు. మాకూ అదే బాగుండేది. తల ఊపినవాణ్ణి పంపేయడం సులువు.

ఈయన ఊపేవాడు కాదు. మొదటి బస్సులో దిగేవాడు. కిర్రుచెప్పుల చప్పుడు గేటు దగ్గరే వినపడేది. వరుసలో నిలబడి, తన వంతు వచ్చినాక బిల్లు నా ముందు పరిచి, ఒక్కో గీత మీద వేలు పెట్టి, "ఇదేంది?" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. అంతా విని, వీపు నిటారుగా చేసి, ఆఫీసంతా వినపడేట్టు, "నాకు అర్థం కాల్యా!" అనేవాడు. ఆ మాటను అంత ధీమాగా అన్నవాణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు. తప్పు తనది కాదనీ, చెప్పేవాడిదనీ ఆయనకు గట్టి నమ్మకం. "మళ్లా చెప్పు. మెల్లగా చెప్పు. బస్సు సాయంత్రానికుంది."

అర్థమైందా, ఇక చూడాలి ఆ సంబరం. "ఆఁ! ఇంగ పట్టినా!" అని అరిచి కౌంటరు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచేవాడు. ఇంకు బుడ్డి ఎగిరేది. రెండు లెడ్జర్లు ఆ రకంగా నీలమయ్యాక, ఆళ్లగడ్డ బస్సు వచ్చే వేళకు బుడ్డిని కిందికి దించడం మా ప్యూను పనుల్లో ఒకటైంది. తనకు అర్థమైంది తన దగ్గరే ఉంచుకుంటే ఆయనకు కడుపు ఉబ్బేది. వెనక్కి తిరిగి వరుసలో ఉన్నవాళ్లందరికీ మొదట్నుంచి చెప్పేవాడు. నా వరుస కాస్తా ఆయన బడి అయిపోయేది. మా పై అధికారి గది తలుపు సందులోంచి చూసి మళ్లీ మూసుకునేవాడు.

నయాపైసలు వచ్చిన ఏడాది జరిగింది చెప్తాను. మా రేటు యూనిట్టుకు అయిదణాలు. కొత్త లెక్కలో ముప్పైయొక్క నయాపైసలూ ఇంకో పావు. ఆ పావు వదిలేసి ముప్పైయొకటి అని రాశాం. ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈయన మొదటి బస్సులో దిగాడు.

"అప్పా, ఆ పావు పైసా యాడికి పోయింది?"

"మేం తీసుకోవడం లేదు పెద్దాయనా. మీకే మిగిలింది."

"మాకు మిగిలితే మా చేతిలో ఉండల్ల కదా. యాడుంది?" అని రెండు అరచేతులూ తిప్పి చూపించాడు. "నాకు అర్థం కాల్యా."

పావుగంట పట్టింది. అర్థమైనాక కౌంటరు చరిచి, వరుస వైపు తిరిగి, "వినండప్పా! మన చేతిలో యూనిట్టుకు పావు పైసా లెక్కన గవర్నమెంటు ఓడిపోయింది!" అని ప్రకటించాడు. వరుసంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. తరువాత పై అధికారి గదిలోకి పిలిపించి చీవాట్లు పెట్టాడు.

మా ఊరు గడివేములలో నా చెల్లెలి పెండ్లికి పిలిస్తే వచ్చాడు. వాకిట్లో ఆడవాళ్లు పసుపునీళ్లు కలిపి పెట్టి కాళ్లు కడుక్కోమంటుంటే, ఈయన గోడవారగా మీటరు కింద నిలబడి మెడ పైకెత్తి చక్రం తిరిగేది చూస్తున్నాడు. మా నాయన కంగారుపడి, "ఏందప్పా ఆ పెద్దమనిషి? మన మీటరులో ఏమన్నా దోషముందా?" అని నా చెవిలో అడిగాడు. పందిట్లో బల్బులన్నీ లెక్కబెట్టి, ఒక్కోదాని మీద అంకె చదివి, భోజనానికి కూచునే లోపలే ఆ పెండ్లికి ఎన్ని యూనిట్లవుతాయో మా నాయనకు చెప్పేశాడు. కట్నం చదివించే వేళకు తువ్వాలులోంచి ఒక చిన్న బల్బు తీసి చెల్లెలి చేతిలో పెట్టి, "ఇరవైయైదుది తల్లీ. రాత్రంతా కాల్చుకున్యా భయం లేదు," అన్నాడు. మా వాళ్లు పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ బల్బు ఆయనకు ఏమవుతుందో నాకొక్కడికే తెలుసు.

ఎవరింట్లోనైనా కరెంటు మాట వస్తే బొటనవేలితో గాల్లో స్విచ్చి నొక్కి చూపించేవాడు. "రేటు హద్దు గవర్నమెంటుది. బిల్లు హద్దు ఈ యేలిది." ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట ఆయనకు ఊరికే రాలేదు. దాని వెనక నేనున్నాను, నా పొగరుంది.

ఆయనతో ఇంత చనువు మొదటి రోజే కుదిరిందనుకునేరు. మొదటి రోజు నేను ఆయనకు చేసింది ద్రోహం. రూపాయికి పదహారణాల లెక్క ఇంకా నడుస్తున్న రోజులు. ఆళ్లగడ్డలో కొత్త వీధులకు తీగలు లాగుతున్నారు. కనెక్షన్ కావాలనేవాళ్ల కోసం ఒక నోటీసు అచ్చువేసి పంచాం. అందులో రెండు ముక్కలు ముఖ్యం. ఇంటి దీపాలకు యూనిట్టుకు అయిదణాలకు మించి వసూలు చేయరాదు. నెలకు కనీసం రెండు రూపాయల ఎనిమిదణాలు చెల్లించాలి. ఇంతే. యూనిట్టు అంటే ఏమిటో రాయాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ రోజు నెలాఖరు. కౌంటరు ముందు జనం గేటు దాకా ఉన్నారు. ఆ కాగితం ఎవరో నా ముందు పెట్టారు.

"అప్పా, ఈ కాయితం తప్పు రాసినారు. కనీసం అంటే కింది హద్దు కదా, అది రెండున్నర. మించరాదంటే పై హద్దు, అది అయిదణాలు. పై హద్దు కింది హద్దు కన్నా కిందుంది. మనిషిని తలకిందులుగా నిలబెట్టినారే!"

ఎంత తెలివైన ప్రశ్న! ఇన్నేళ్లలో అంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఒకటి నెల లెక్క, ఇంకొకటి యూనిట్టు లెక్క అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. నేను లెడ్జరులోంచి ముఖం తీయలేదు.

"రెండూ కరెక్టే. అదీ ఉంటాది, ఇదీ ఉంటాది."

"అంటే రెండూ కలిపా?"

"ఆఁ, కలిపే. పక్కకు జరుగు పెద్దాయనా."

"రెండున్నరా, అయిదణాలూ. అంటే రెండు రూపాయల పదమూడణాలు. నెలకు అంతకు మించరాదు?"

"సరే, సరే. జరుగు."

"ఆఁ! ఇంగ పట్టినా!" ఇంకు బుడ్డి ఎగరడం నేను మొదట చూసింది అప్పుడే. తిట్టుకుంటూ అద్దుడు కాగితం కోసం వెతుక్కున్నాను. ఆయన ఏం పట్టుకుపోయాడో పట్టించుకోలేదు.

ఆయన పట్టుకుపోయింది గుత్త. మా సీమలో గుత్త తెలియని వాడు లేడు. చేను ఏడాదికింత అని మాట్లాడుకుంటే పండినా ఎండినా అంతే. బావి తవ్వినా, ఇంటికి బండలు పరిచినా, పెండ్లికి బండి కట్టినా గుత్తే. కరెంటు కూడా నెలకు రెండు రూపాయల పదమూడణాల గుత్త అని ఆయనకు అర్థమైంది. నంద్యాల ఆఫీసు గుమాస్తా నోటితోనే అర్థమైంది. ఆ సాయంత్రమే తన వీధిని అరుగు ముందు కూడేసి, నోటీసు చేతిలో పట్టుకుని చెప్పాడట. నెలకు రెండు పదమూడు, ఆ పైన ఒక్క అణా ఎక్కువొచ్చినా తాను కడతానని. ఆయన మాట మీద పన్నెండు ఇండ్లు కనెక్షను తీసుకున్నాయి. వెలిగించిన రోజు ఇంటింటికీ తిరిగి ఇంకో ముక్క కూడా చెప్పాడు. "ఆర్పొద్దండప్పా! గుత్తకు తీసుకున్న సేనిని బీడు పెడ్తామా?"

నెల తిరిగింది. బిల్లుల వసూలుకు పోయినవాడు ఖాళీ సంచితో వచ్చి, ఆళ్లగడ్డలో ఒక వీధి మొత్తం కట్టనంటోందన్నాడు. మా పై అధికారి నన్ను పిలిచి, లైన్‌మన్‌ను వెంట తీసుకుపొమ్మన్నాడు. కడితే సరే, లేకపోతే ఫ్యూజులు పీకి రమ్మన్నాడు.

శిరివెళ్ల దాటేదాకా బస్సులో హాయిగా నిద్రపోయాను. పది గంటలకు ఆ వీధిలో అడుగుపెట్టి నిలబడిపోయాను. నెత్తిన ఎండ మండుతోంది. ఆ ఎండలో పన్నెండు ఇండ్లలోనూ బల్బులు వెలుగుతున్నాయి. ఇంటికొక్కటి, ఒకరికి వసారాలో, ఒకరికి పశువుల కొట్టంలో, ఇంకొకరికి వాకిట్లో దండెం పక్కన. బిల్లులు చేతికొచ్చి వారమైనా ఎవరూ ఆర్పలేదు. కాగితంలో ఏముంటేనేం, పెద్దాయన మాటిచ్చాడు కదా! లైన్‌మన్ నా ముఖం చూసి, "సార్, ఈళ్లకు పిచ్చి పట్టిందా?" అన్నాడు.

ఆయన అరుగు ముందు జనమంతా చేరి ఉన్నారు. అరుగు మీద పరిచిన బేతంచెర్ల నాపబండ పక్కన ఆయన కూచున్నాడు. ముందర తువ్వాలులో ముడివేసిన డబ్బు. ఇచ్చిన మాట కోసం ధర రాకముందే పత్తి అమ్మేశాడని తరువాత తెలిసింది. ఆయన దాయాది ఒకడు బిల్లు ఆడిస్తూ నిలదీస్తున్నాడు.

"రెండు పదమూడు దాటదంటివి. తొమ్మిది రూపాయలొచ్చింది. నీకెవురు చెప్పినారు ఆ మాట?"

పెద్దాయన తలెత్తాడు. నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. ఆ చూపు నా ముఖం మీద ఒక్క క్షణం ఆగి, మళ్లీ దాయాది వైపు తిరిగింది.

"యెవురూ చెప్పల్యా. నా అంతట నేనే అనుకున్యా. తప్పు నాది. ఈడ దుడ్లుండాయి, అందరూ తీసుకోండి."

దాయాది ముందుకొచ్చి తన వాటా లెక్కబెట్టుకున్నాడు. ఇంకొకడు సిగ్గుపడుతూ తీసుకున్నాడు. మిగతావాళ్లు కదల్లేదు. అప్పుడు చివరింటి మంత్రసాని లేచింది. అరవైయైదు దాటిన మనిషి. మిషను ఆస్పత్రిలో ఆయాగా చేసి, మొగుడు పోయినాక ఒంటరిగా ఉంటోంది. అరవై వాట్ల బల్బు నెలంతా పగలూ రాత్రీ కాల్చింది. పదమూడు రూపాయల ఏడణాల బిల్లు.

"నీ దుడ్లు నాకేల తమ్ముడూ? కాల్చింది నేను, కడ్తా. మూడు నెలలు టైమియ్యమని ఆ సారును అడుగు. కానీ ఈ కరెంటు నాకొద్దు. పీకేయండి." లైన్‌మన్ వైపు తిరిగింది. "ముందు నాదే పీకప్పా."

ఆయన ముఖం ఆ మాటకు పడిపోయినట్టు డబ్బుకు పడిపోలేదు. నాకు పక్కనున్నవాళ్లు చెప్పారు. ఆ వీధిలో కరెంటు రావాలని ఆయన పట్టుబట్టిందే ఆమె కోసమట. చుట్టుపక్కల నాలుగూళ్ల ఆడవాళ్లు ఏ జాములో నొప్పులొచ్చినా ఆమె గడపకే వస్తారు. ఆమె ఇంట్లో తెల్లవార్లూ దీపం ఉండాలి. లాంతరు వెలుతురులో ఒక బిడ్డ నీలంగా మారేది ఆమెకు కనపడలేదు. దక్కకుండా పోయిన ఆ బిడ్డ ఈయన మనవరాలు.

అబద్ధమెందుకు, నోరు మూసుకుంటే సరిపోతుందని కూడా అనిపించింది. ఆయనే నా పేరు దాచేశాడు కదా! మరి ఎట్లా ముందుకొచ్చానో తెలియదు. "ఆ మాట ఆయన అనుకున్నది కాదు. నేను చెప్పింది. నంద్యాల ఆఫీసులో నన్నే అడిగితే, రెండూ కలిపే అని నేనే చెప్పాను," అన్నాను.

పెద్దాయనకు కోపం తన్నుకొచ్చింది. "నిన్నెవురడిగినారప్పా? నా ఈదిలో నా మాట నేను పడ్తాంటే మధ్యలో నువ్వెవురు?" అని అరిచాడు. తరువాత అరుగు మీద తన పక్కన చోటు చూపించాడు. "సరే. తప్పుగా చెప్పినోడివి నువ్వే అంటాండావు కదా. సరిగ్గా చెప్పే పని గూడా నీదే. కూచో ఈడ. ఈ పన్నెండిండ్లకూ అర్థమయ్యేదాక నిన్ను బస్సెక్కనీయం."

కూచున్నాను. చెప్పాను. రెండున్నర అనేది నెలకు, అయిదణాలు అనేది ఒక్కో యూనిట్టుకు. గవర్నమెంటు హద్దు పెట్టింది యూనిట్టు రేటుకే, మొత్తం బిల్లుకు కాదు. కాల్చిన కొద్దీ బిల్లు పెరుగుతుంది.

"నాకు అర్థం కాల్యా," అన్నాడు. "యూనిట్టంటే ఎంతప్పా? శేరా? మూరా?"

"వెయ్యి వాట్లు ఒక గంట," అన్నాను, పరీక్షకు బట్టీపట్టిన ముక్క.

"మా ఇండ్లలో వెయ్యి యాడుంది? బల్బు మీద నలభై అనుంది."

ఇన్నేళ్లుగా బిల్లులు రాస్తున్నాను, ఒక్క యూనిట్టుకు ఇంట్లో బల్బు ఎంతసేపు వెలుగుతుందో ఒక్కనాడూ లెక్కేసి చూడలేదు. పక్కనుంచి లైన్‌మన్ మెల్లగా అన్నాడు: "నలభై బల్బు ఇరవైయైదు గంటలు కాలితే ఒక యూనిట్టు." వాడికి ముందునుంచీ తెలుసు. వాణ్ణి ఎవరూ అడగలేదు, అంతే.

పెద్దాయన అరుగు దిగి పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చాడు. బండ మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. "రెండున్నరలో ఎన్ని అయిదణాలుండాయి?" ఎనిమిది. ఎనిమిది గీతలు గీశాడు. "ఇవి ఆ రెండున్నర పైనా, లోపలా?"

"లోపలే. ఎనిమిది యూనిట్ల దాకా కాల్చినా రెండున్నరే. ఒక్కటి కాల్చినా రెండున్నరే. ఎనిమిది దాటినాకే ఒక్కోదానికి అయిదణాలు."

"కలిపేది కాదా?"

"కాదు."

"లోపలే ఉండాయా, ఎనిమిదీ!" గొంతు పెరిగింది. "ఒక్కోటి ఇరవైయైదు గంటలు. ఎనిమిదికి రెండొందల గంటలు. ముప్పై దినాలకు..." వేళ్ల కణుపులు లెక్కబెడుతున్నాడు. వీధి మొత్తం ఆయన వేళ్లనే చూస్తోంది. "దినానికి ఆరున్నర గంటలు! ఆఁ! ఇంగ పట్టినా!" బండ మీద చరిచిన చరుపుకు అరచెయ్యి నల్లగా అచ్చు పడింది. "అబ్బా! పొద్దుగుంకినప్పట్నుంచి పండుకునేదాక కాల్చుకోండి, మళ్లా తెల్లారుజామున పాలు పిండేటప్పుడు కాల్చుకోండి. రెండున్నర! నేను రెండు పదమూడంటి, అంత గూడా కాదు, రెండున్నరే! నా మాట నిలబడింది కదప్పా!"

ఎవడో ఇంట్లోకి పరుగెత్తి బల్బు ఆర్పేశాడు. వాడి వెనక ఇంకొకడు. చూస్తుండగానే ఒక్కో ఇల్లూ ఆరిపోయింది. ఎండలో అట్లా ఆరిపోతున్న బల్బులను చూసి జనం ఈలలు వేశారు. నాకూ ఒళ్లు పులకరించింది. డబ్బు తీసుకున్న రెండోవాడు వచ్చి దాన్ని తువ్వాలులో తిరిగి పెట్టేశాడు. దాయాది పెట్టలేదు.

మంత్రసాని మాత్రం కూచున్న చోటు నుంచి కదల్లేదు. "మీకు ఆరున్నర చాలు. నాకు రాత్రంతా కావల్ల. పీకేయండి."

పెద్దాయన బండ మీది గీతల్ని మళ్లీ మళ్లీ చూశాడు. లైన్‌మన్ వైపు తిరిగాడు. ఈసారి నా వైపు కాదు.

"నలభై కన్నా చిన్నది ఉందా అప్పా?"

"ఇరవైయైదుది ఉంది. దానికి యూనిట్టు నలభై గంటలొస్తాది."

కణుపుల మీద వేలు పరుగెత్తింది. మూడొందల ఇరవై గంటలు. రాత్రికి పది గంటల పైన. చెప్పులు అరుగు కింద వదిలేసి, ఆ కాలే నేల మీద ఉత్తకాళ్లతో బస్టాండు అంగడి వైపు పరుగు తీశాడు. అరవై ఏళ్ల మనిషి, తలగుడ్డ ఊడిపోయి భుజాన వేలాడుతోంది, దారిలో కనపడిన వాళ్లకంతా "ఇరవైయైదు! ఇరవైయైదు!" అని అరుస్తూ పోతున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బల్బును రెండు చేతుల్లో పట్టుకుని నడిచి వచ్చాడు, పగిలిపోతుందని.

ఆమె పెదవి విరిచింది. "గుడ్డి దీపం నాకేల తమ్ముడూ? లాంతరే నయం. బిడ్డ గోరు రంగు కనపడాల నాకు. అది కనపడకుంటే ఎంత చవగ్గా కాలితే ఏం?"

"చూద్దాం రా అక్కా. కనపడకుంటే నా చేత్తోనే పీకేస్తా," అన్నాడు.

ఆమె ఇల్లు ఒకటే గది. లైన్‌మన్ అరవై బల్బు తీసి ఇరవైయైదుది పెట్టాడు. తలుపూ కిటికీ మూసి, కిటికీ సందుల్లో గోనెపట్ట దోపాం. మా నలుగురికీ ఊపిరాడలేదు. బల్బు వెలిగింది. అరవై కాల్చిన కంటికి అది నిజంగానే చిన్నబోయి కనపడింది. ఇక అయిపోయిందనుకున్నాను.

ఆమె పెద్దాయన చెయ్యి లాక్కుని బల్బు కిందికి తెచ్చింది. అంటిన బొగ్గు కొంగుతో తుడిచింది. బొటనవేలి గోరు మీద గట్టిగా నొక్కి పట్టుకుంది. వదిలింది. ముఖం దగ్గరగా పెట్టి చూసింది. మళ్లీ నొక్కింది, మళ్లీ వదిలింది. ఆయన ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

"తెల్లగయింది," అన్నది. కాసేపాగి, "ఎర్రగొచ్చాంది. కనపడ్తాంది." చెయ్యి వదిలేసి లైన్‌మన్‌తో అన్నది, "పీకొద్దప్పా. ఉండనీ."

నేను పెద్దాయన కేకకు సిద్ధమై చెవులు మూసుకోబోయాను. కేక రాలేదు. ఆయన గోడ వైపు తిరిగి తలగుడ్డ ముఖానికి పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె ఆ వెలుతురులో ఆయన్ను ఎగాదిగా చూసి అన్నది:

"ఏందప్పా, ఏడుస్తాండావ్? అది గూడా కనపడ్తాంది నాకు."